ఒక చెట్టు, అనేక ఇంటిపేర్లు: స్వీడన్‌లో లిండ్, లిండ్‌గ్రెన్, లిన్నేయస్ (ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

స్వీడన్ దేశపు కరెన్సీ నోట్లు మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, ఈరోజు నేను మాట్లాడబోయే విషయం చాలావరకు కళ్లకు కడుతుంది. 1986లో వచ్చిన 100 క్రోనర్ల నోటు మీద వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ బొమ్మ ఉంది. 1996లో వచ్చిన 50 క్రోనర్ల నోటు మీద, పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లోనూ అమెరికాలోనూ జనం విరగబడి విన్న గాయని జెన్నీ లిండ్ ఉంది. 2015లో వచ్చిన 20 క్రోనర్ల నోటు మీద పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ ఉంది. ఒకరు పద్దెనిమిదో శతాబ్దం, ఒకరు పందొమ్మిది, ఒకరు ఇరవై. మూడూ వేర్వేరు కుటుంబాలు. అయినా ముగ్గురి ఇంటిపేరూ ఒకే చెట్టు నుంచి వచ్చింది. ఆ చెట్టును స్వీడిష్ భాషలో 'లిండ్' అంటారు.

ఇది ఇంగ్లీషువారు లిండెన్ అనీ, లైమ్ అనీ పిలిచే చెట్టు. ఆ రెండో పేరు విని నిమ్మజాతి అనుకోకూడదు. దానికీ నిమ్మకూ ఏ సంబంధమూ లేదు. లిండ్ ఆకు మన రావి ఆకు తోక తుంచేసి, అంచులకు సన్నని రంపపు పళ్లు పెట్టినట్టు ఉంటుంది. జూలైలో లేత పసుపు పూలు గుత్తులుగా పూసి, చుట్టుపక్కలంతా తేనె వాసన నిండిపోతుంది; తేనెటీగల రొద చెట్టు కిందికి వెళ్లకముందే వినిపిస్తుంది. బెరడు లోపలి నారతో ఉత్తర యూరప్ రైతులు తాళ్లు పేనేవారు. ఈ చెట్టు లాటిన్ పేరు 'టిలియా'. పాత వర్గీకరణలో దాని పేరుమీదే టిలియేసీ అనే కుటుంబం ఉండేది, మన జనపనార మొక్క కూడా అందులోనే ఉండేది. ఇప్పుడు ఆ రెంటినీ పత్తి, బెండ, గోంగూర ఉన్న మాల్వేసీ కుటుంబంలో చేర్చారు. అంటే మన నేలమీద ఆ చెట్టు లేకపోయినా, దాని చుట్టాలు మన పొలాల్లోనే ఉన్నాయి.

స్వీడన్ పల్లెల్లో ఇంటి ముంగిట ఒక పెద్ద చెట్టును ఇంటిని కాచే చెట్టుగా పెంచే ఆచారం ఉండేది. అది లిండ్ కావచ్చు, యాష్ కావచ్చు, ఎల్మ్ కావచ్చు. ఆ చెట్టు బాగుంటే ఇల్లు బాగుంటుందనీ, దాని కొమ్మ విరిస్తే ఇంటికి కీడనీ నమ్మేవారు. కాబట్టి ఒక కుటుంబం తన పేరు కోసం వెతుక్కున్నప్పుడు ముంగిట్లోని చెట్టు వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు. అయితే అసలు పేరు కోసం వెతుక్కోవలసిన అవసరం ఎందుకు వచ్చింది? తరతరాలుగా వస్తున్న పేరు లేదా? ఇంటిపేరు అంటే తాతముత్తాతల నుంచి సంక్రమించేదే తప్ప మనం ఎంచుకునేది కాదని నమ్మే తెలుగువాళ్లకు ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది.

లేదు. స్వీడన్ గ్రామీణ ప్రజల్లో అత్యధికులకు పందొమ్మిదో శతాబ్దం దాకా మనం ఇంటిపేరు అనుకునే వస్తువే లేదు. వాళ్లకు ఉన్నది తండ్రి పేరు. నీల్స్ అనే రైతుకు పేర్ అనే కొడుకు పుడితే వాడు పేర్ నీల్సన్, అంటే నీల్స్ కొడుకు. ఆ పేర్‌కు ఆండర్స్ అనే కొడుకూ కారిన్ అనే కూతురూ పుడితే వాళ్లు ఆండర్స్ పేర్సన్, కారిన్ పేర్స్‌డోట్టర్. డోట్టర్ అంటే కూతురు. తరం మారితే పేరు మారేది, తోబుట్టువుల్లోనే ఆడపిల్ల పేరు ఒకటి, మగపిల్లాడి పేరు ఒకటి. పెళ్లయినా కారిన్ పేర్స్‌డోట్టర్ తన తండ్రి పేరుతోనే ఉండేది; భర్త పేరు ఆమెకు వచ్చేది కాదు. 1686 నాటి చర్చి చట్టం తర్వాత ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోనూ, మతగురువు పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ రాసిపెట్టవలసి వచ్చింది. ఆ పుస్తకాల్లో కనిపించే పేర్లలో ఎక్కువభాగం ఇటువంటివే. ఊరు చిన్నది, ఎవరు ఎవరి కొడుకో అందరికీ తెలుసు. అంతకుమించిన పేరుతో పల్లెలో పనిలేదు.

పనిపడింది ఊరు దాటినవాళ్లకు. లిండ్ అనే ఇంటిపేరుకు అర్థం ఏమిటని అడిగితే నిఘంటువు చెట్టు పేరు చెప్పి ఊరుకుంటుంది. నా దృష్టిలో ఆ జవాబు సగమే. ఆ పేరును ఎవరు, ఏ కాలంలో, ఏ గడప దాటుతూ పెట్టుకున్నారో తెలిస్తేనే మిగిలిన సగం తెలుస్తుంది. దీనికి లిన్నేయస్ కుటుంబం కంటే మంచి ఉదాహరణ లేదు కాబట్టి, అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ ప్రాంతంలో ఇంగెమార్ బెంగ్ట్‌సన్ అనే రైతు ఉండేవాడు. అతని కొడుకు నీల్స్ ఇంగెమార్సన్, 1674లో పుట్టాడు. పల్లెలోనే ఉండి వ్యవసాయం చేసుకుని ఉంటే అతను చనిపోయేదాకా ఇంగెమార్సన్‌గానే ఉండేవాడు. కాని మతగురువు కావాలని లుండ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువుకున్నవారి భాష అప్పుడు లాటిన్. విశ్వవిద్యాలయం పుస్తకంలో పేరు నమోదు చేసుకునేటప్పుడు రైతుబిడ్డకు కూడా లాటిన్ పోలికలో ఒక ఇంటిపేరు కావాలి. తమ పూర్వికుల భూమిలో ఒక మహావృక్షం ఉంది. అది లిండ్ చెట్టు. స్మోలాండ్ యాసలో 'లిన్'. ఆ మాటకు లాటిన్ తోక తగిలించి అతను లిన్నేయస్ అని పెట్టుకున్నాడు. అదే చెట్టును చూసి బంధువుల్లో ఒక శాఖ లిండేలియస్ అనే పేరు పెట్టుకుంది. ఇంకొక శాఖ అయితే స్వీడిష్ మాటనే వదిలేసి, లాటిన్‌లోని టిలియాకు గ్రీకులో 'మనిషి' అనే అర్థమిచ్చే 'ఆండర్' చేర్చి టిలియాండర్ అయింది. ఒకే చెట్టు నీడ నుంచి మూడు ఇంటిపేర్లు బయల్దేరాయి. తెలియనివాడు ఆ మూడింటినీ ఒక కాగితం మీద చూస్తే చుట్టరికం ఉందని ఊహించనైనా లేడు.

ఈ రకం పేర్లు అప్పట్లో మతగురువుల కుటుంబాల్లో పరిపాటి. ఉష్ణోగ్రతను కొలిచే సెల్సియస్ మానానికి పేరిచ్చిన ఆండర్స్ సెల్సియస్ ఇంటిపేరు కూడా ఇలాంటిదే: గుట్ట అనే అర్థమున్న హ్యోగెన్ అనే స్వగ్రామ స్థలం పేరును ఎత్తయినది అనే అర్థంలో లాటిన్‌లోకి మార్చుకున్నారు. లాటిన్ పేరు కావడం వల్ల ఇంకొక విశేషం వచ్చింది, ఆ పేరుకు స్త్రీలింగ రూపం ఉండేది. నీల్స్ లిన్నేయస్ భార్య, బ్రోడెర్సోనియస్ అనే మతగురువు కూతురు కావడంతో, క్రిస్టీనా బ్రోడెర్సోనియా. వాళ్ల కూతుళ్లు లిన్నేయా. వాళ్ల పెద్దకొడుకు కార్ల్ 1707లో రోస్‌హుల్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అతను పెళ్లాడింది మోరేయస్ అనే వైద్యుడి కూతురు సారా ఎలిసబెత్ మోరేయాను. తండ్రి పేరుకు 'కూతురు' తగిలించే పల్లె పద్ధతి పోయినా, ఆడపిల్ల పేరు వేరుగా వినిపించాలన్న అలవాటు లాటిన్ వేషంలో కొనసాగింది.

కార్ల్ లిన్నేయస్ మొక్కలకూ జంతువులకూ రెండు మాటల పేర్లు స్థిరపరిచాడని మనం బడిలో చదువుకున్నాం. అతని 1753 నాటి గ్రంథం నుంచే మొక్కల శాస్త్రీయ నామకరణం లెక్కకు వస్తుంది. ఒక మొక్కకు మొదట పేరు పెట్టినవారి ఇంటిపేరును ఆ శాస్త్రీయనామం చివర సంక్షిప్తంగా రాయడం శాస్త్రంలో నియమం. అందరికీ మూడో నాలుగో అక్షరాలు అవసరమైతే, లిన్నేయస్‌కు ఒకే ఒక్క అక్షరం చాలు, 'ఎల్.'. మన మామిడి 'మాంగిఫెరా ఇండికా ఎల్.', మన చింత 'టామరిండస్ ఇండికా ఎల్.', మన వరి 'ఒరైజా సాటైవా ఎల్.'. వ్యవసాయ కళాశాల పుస్తకం ఏది తెరిచినా, స్మోలాండ్‌లోని ఒక పొలంలో నిలబడిన లిండ్ చెట్టు ఆ ఒక్క అక్షరంగా మన పంటల పక్కన కనిపిస్తుంది. ఇంటిపేరు ఇంతకంటే దూరం ప్రయాణించిన సందర్భం నాకు తెలిసి మరొకటి లేదు.

కాకినాడ ప్రస్తావన లేకుండా దీన్ని దాటిపోలేను. బాల్టిక్ ప్రాంతంలో పుట్టి, ఉప్సలాలో లిన్నేయస్ దగ్గర చదువుకున్న యోహాన్ గెర్హార్డ్ క్యోనిగ్ 1768లో తమిళ తీరంలోని ట్రాంకెబార్‌కు వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులోనూ, ఈస్టిండియా కంపెనీ కొలువులోనూ ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా పనిచేసి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో రక్తవిరేచనాలతో చనిపోయాడు. సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఆఖరి రోజుల్లో అతనికి వైద్యం చేశాడు. క్యోనిగ్ గురువుకు పంపిన మొక్కల్లో మన కరివేపాకు ఉంది. లిన్నేయస్ 1771లో దానికి శిష్యుడి ఇంటిపేరే పెట్టాడు. తర్వాత జాతి పేరు మారి 'మురాయా కోనిగీ' అయినా, ఆ రెండో మాట నిలిచింది. ఆ మొక్క పేరు పూర్తిగా రాస్తే కుండలీకరణాల్లో 'ఎల్.' కూడా ఉంటుంది. గురువు ఇంటిపేరూ శిష్యుడి ఇంటిపేరూ కలిసి మన పోపులో పడే ఆకు మీద ఉన్నాయి.

తిరిగి స్వీడన్‌కు వద్దాం. 1761లో రాజు కార్ల్ లిన్నేయస్‌ను ప్రభువర్గంలో చేర్చాడు; ఆ గౌరవాన్ని 1757 నుంచి వర్తింపజేశారు. ప్రభువర్గానికి లాటిన్ తోక పనికిరాదు. అందువల్ల అతను తోక కత్తిరించి, ముందు ఒక జర్మన్ మాట తగిలించుకుని, కార్ల్ ఫోన్ లిన్నే అయ్యాడు. తాత బెంగ్ట్‌సన్, తండ్రి ఇంగెమార్సన్‌గా పుట్టి లిన్నేయస్ అయినవాడు, కొడుకు లిన్నేయస్‌గా పుట్టి ఫోన్ లిన్నే అయినవాడు. రైతు, మతగురువు, ప్రభువు అనే మూడు మెట్లూ మూడు తరాల పేర్లలో అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. కార్ల్ ఏకైక వారసుడైన కొడుకు, అతని పేరూ కార్లే, 1783లో అవివాహితుడిగా చనిపోవడంతో ఆ ప్రభువంశం అంతరించింది.

వంశం పోయినా పేరు మరో దారి పట్టింది. ఉత్తరాది అడవుల నేలమీద పాకే ఒక చిన్న తీగ ఉంది. సన్నని కాడ చివర రెండు లేత గులాబి గంటలు జంటగా వేలాడతాయి. అది లిన్నేయస్‌కు ప్రాణం. డచ్ శాస్త్రజ్ఞుడు గ్రోనోవియస్ దానికి 'లిన్నేయా' అని అతని పేరు పెట్టాడు. ఇవాళ అది స్మోలాండ్ ప్రాంతీయ పుష్పం. ఆ పువ్వు నుంచి 'లిన్నేయా' ఆడపిల్లల పేరుగా మారి, ఇప్పుడు స్వీడన్‌లో ఎంతోమందికి మొదటి పేరుగానో మధ్య పేరుగానో ఉంది. చెట్టు నుంచి ఇంటిపేరు, ఇంటిపేరు నుంచి పువ్వు పేరు, పువ్వు నుంచి పాపకు పెట్టే పేరు. చర్చి పుస్తకంలో లిన్నేయస్ కూతుళ్లకు రాసిన రూపం కూడా ఇదే కావడం గమనించండి.

చదువుకున్నవారి లాటిన్ పేర్ల పక్కనే, పట్టణాల్లోని వర్తకులూ చేతిపనివారూ మరో రకం పేర్లు కూర్చుకోవడం మొదలుపెట్టారు. ప్రభువర్గం 1626 నుంచి తమ రిడ్డర్‌హూస్ అనే ప్రభుకుటుంబాల సభలో నమోదైన బిరుదుల్లాంటి పేర్లతో ఉండేది. ఉదాహరణకు ఓక్సెన్‌షెర్నా అంటే ఎద్దు నుదురు, అది వాళ్ల కులచిహ్నం మీది బొమ్మ. ఆ రెండు మాటల కూర్పును పట్టణవాసులు అనుకరించారు, కాని సింహాలూ నక్షత్రాలూ కవచాలూ ప్రభువులవి; వీళ్లకు మిగిలింది ప్రకృతి. లిండ్ + గ్రెన్, అంటే లిండ్ కొమ్మ. లిండ్ + క్విస్ట్, లిండ్ రెమ్మ. లిండ్ + బ్లాడ్, లిండ్ ఆకు. లిండ్ + బెర్గ్ కొండ, స్ట్రోమ్ ప్రవాహం, లిండ్‌హోల్మ్‌లో హోల్మ్ చిన్న దీవి, లిండాల్‌లో డాల్ లోయ. కొండమీద లిండ్ చెట్లున్న ఊరి నుంచి వచ్చినవాడే లిండ్‌బెర్గ్ అవుతాడని మనం అనుకుంటాం. ఆ అంచనా చాలాసార్లు తప్పుతుంది. మొదటి మాట పుట్టిన ఊరి పేరు నుంచో, పొలం పేరు నుంచో వచ్చి ఉండవచ్చు. రెండో మాటను వినడానికి ఇంపుగా ఉందని తగిలించి ఉండవచ్చు. అందుకే భాషాశాస్త్రజ్ఞులు వీటిని అలంకార నామాలు అంటారు. లిండ్‌స్ట్రోమ్ అంటే 'లిండ్ ప్రవాహం' అని పదం పదం విడగొట్టి వర్ణన వెతికితే అక్కడ ఏ నదీ దొరకకపోవచ్చు. ఆ పేరు చెప్పేదల్లా ఒకటే: ఈ కుటుంబంలో ఎవరో ఒకప్పుడు పల్లెలోని తండ్రి పేరు వదిలి, పట్టణంలో ఒక వృత్తిలోకి అడుగుపెట్టారు.

చివరి అక్షరాలు కూడా ఎంతో చెబుతాయి. లిండేన్, లిండెల్ లాంటి పేర్లు లాటిన్ తోకలు అరిగిపోగా మిగిలినవి. సైనికుల పేర్లు మరీ పొట్టివి. పదిహేడో శతాబ్దం చివర పదకొండో కార్ల్ రాజు గ్రామాల మీద సైనికులను పోషించే ఏర్పాటు చేశాక, ఒకే దళంలో ముగ్గురు ఆండర్స్ పేర్సన్‌లు ఉంటే పిలవడం కష్టమై, ప్రతి సైనికుడికీ ఒక మాటతో పేరు పెట్టేవారు: రాస్క్ అంటే చురుకైనవాడు, మూడిగ్ అంటే ధైర్యశాలి, స్టార్క్ అంటే బలవంతుడు. లిండ్ అని పేరు పెట్టిన సైనికులూ ఉన్నారు. సైనికుడు పదవి విరమించి, గ్రామం అతనికిచ్చిన గుడిసెకు మరొకడు వస్తే చాలాసార్లు ఆ పేరు కొత్తవాడికే వెళ్లేది. ఒకే తండ్రి కొడుకుల్లో పొలంలో మిగిలినవాడు పేర్సన్, సైన్యంలో చేరినవాడు రాస్క్, పట్నంలో చెప్పులు కుట్టడం నేర్చినవాడు లిండ్‌గ్రెన్ కావచ్చు. వంశవృక్షం రాసుకునేవారికి ఇది పెద్ద తలనొప్పి, కాని సమాజ చరిత్ర రాసేవారికి పెన్నిధి.

పేరు మార్చుకోవడానికి సముద్రం దాటడం మరో సందర్భం. స్కోనే ప్రాంతం రైతు, స్వీడన్ పార్లమెంటు సభ్యుడు ఊలా మోన్సన్, మోన్స్ కొడుకు. బ్యాంకు డబ్బు విషయంలో ఆరోపణలు రావడంతో 1859లో దేశం విడిచి అమెరికాలోని మిన్నెసోటా చేరి, అక్కడ ఆగస్ట్ లిండ్‌బెర్గ్ అని పేరు పెట్టుకున్నాడు. అతని మనవడే, 1927 మేలో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఒంటరిగా విమానం నడిపిన చార్ల్స్ లిండ్‌బెర్గ్. ప్రపంచమంతా పలికిన ఆ ఇంటిపేరు వయసు అప్పటికి డెబ్బై ఏళ్లు కూడా లేదు. అదే మిన్నెసోటాలో లిండ్‌స్ట్రోమ్ అనే పట్టణం ఉంది, డానియెల్ లిండ్‌స్ట్రోమ్ అనే వలసవచ్చినవాడి పేరుమీద వెలిసింది. స్వీడిష్‌లో ఆ పేరులోని 'ఓ' అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. రహదారి బోర్డుల మీద ఆ చుక్కలు ఎగిరిపోతే, పట్టణవాసులు పట్టుబట్టారు. 2015లో గవర్నర్ మార్క్ డేటన్ ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చి చుక్కలు తిరిగి పెట్టించాడు. రెండు చుక్కల కోసం గవర్నరు దాకా వెళ్లడం అతిశయమని నేను అనుకోను. చుక్కలున్న ఆ అక్షరం స్వీడిష్ అక్షరమాలలో విడిగా ఒక అక్షరం.

స్పెల్లింగ్ సంగతి త్వరగా చెప్పి దాటుతాను. 1906లో స్వీడన్ బడి పుస్తకాల స్పెల్లింగును సరళం చేశారు, ఇంటిపేర్లు మాత్రం పాతవే మిగిలాయి. ఆకుకే ఉన్న మరో మాట 'లోవ్'ను ఇప్పుడు 'వి' అక్షరంతో రాస్తారు, ఇంటిపేరులో మాత్రం 'ఎఫ్' నిలిచింది. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్‌కు ముందు 20 క్రోనర్ల నోటు మీద ఉన్న, 1909లో నోబెల్ అందుకున్న సెల్మా లాగర్‌లోవ్ పేరులో ఆ 'ఎఫ్' ఉంది. అర్థం లారెల్ ఆకు. లిండ్‌క్విస్ట్‌ను 'క్యూ'తో రాసేవారూ 'కే'తో రాసేవారూ ఉన్నారు, పలకడం ఒకటే.

స్త్రీల విషయంలో మాత్రం ఆగాలి. పందొమ్మిదో శతాబ్దం చివరికి తండ్రి పేరు గడ్డకట్టి ఇంటిపేరయిపోయింది. ఆండర్స్ కొడుకు కానివాడు కూడా ఆండర్సన్. దాంతో డోట్టర్ దాదాపు మాయమై, ఆడవాళ్లు కూడా 'ఆండర్స్ కొడుకు' అని పిలిపించుకోవలసి వచ్చింది. 1901 నాటి ఇంటిపేర్ల శాసనం తర్వాత కొత్త పేరు ఎంచుకోవడానికి అనుమతి తీసుకునే పద్ధతి వచ్చింది. 1920 నాటి వివాహ చట్టంతో భార్య భర్త ఇంటిపేరు ధరించడం నియమమైంది. ఎరిక్సన్‌ల ఇంట 1907లో పుట్టిన ఆస్ట్రిడ్, 1931లో స్టూరే లిండ్‌గ్రెన్‌ను పెళ్లాడి లిండ్‌గ్రెన్ అయింది. తరతరాలుగా తన తండ్రి పేరుతోనే జీవించిన స్వీడన్ పల్లె స్త్రీకి భర్త పేరు పెట్టడం ప్రాచీన సంప్రదాయమని ఎవరైనా అంటే అది చరిత్రకు విరుద్ధం. అది ప్రధానంగా ప్రభువర్గం నుంచీ, పట్టణ మధ్యతరగతి నుంచీ దిగివచ్చిన అలవాటు. 1982 చట్టం ఈ బలవంతాన్ని పూర్తిగా తొలగించి, ఎవరి పేరు వారు ఉంచుకోవడానికీ, భర్తే భార్య పేరు తీసుకోవడానికీ, తండ్రి పేరుకో తల్లి పేరుకో 'కొడుకు', 'కూతురు' చేర్చి పాత పద్ధతిలో పేరు పెట్టుకోవడానికీ దారి ఇచ్చింది. డోట్టర్ తిరిగి వచ్చింది.

ఇక నేటి వాడుక. 2017 జూలై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, కనీసం 2000 మందికి ఉన్న ఇంటిపేరును ఎవరైనా దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. అంతకంటే తక్కువమందికి ఉన్నది ఆ కుటుంబాల సొత్తు, దానికి రక్షణ ఉంది. లిండ్‌బెర్గ్, లిండ్‌స్ట్రోమ్, లిండ్‌క్విస్ట్, లిండ్‌గ్రెన్ నాలుగూ దేశంలో అత్యధికంగా కనిపించే మొదటి యాభై ఇంటిపేర్లలో ఉన్నాయి కాబట్టి, అవి అందరికీ తెరిచిన తలుపులే. స్టాక్‌హోమ్‌లోనో గోథెన్‌బర్గ్‌లోనో స్థిరపడిన తెలుగువాడు కోరుకుంటే చట్టబద్ధంగా లిండ్‌గ్రెన్ కావచ్చు. టిలియాండర్ లాంటి అరుదైన పేరు కావాలంటే మాత్రం ఆ కుటుంబంతో సంబంధం చూపించాలి. జంట ఇంటిపేర్లనూ అదే చట్టం అనుమతించింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు పన్నుల శాఖ ఫారంలో తమ ఇంటిపేరును చివరి గడిలో రాసేటప్పుడు, మన పేరు వరుస వాళ్ల వరుసకు తలకిందులని మరచిపోవద్దని మాత్రం చెప్పగలను. జనాభా నమోదు, పేరు మార్పు రెండూ ఆ శాఖ చేతిలోనివే. ఒకసారి నమోదైన వరుస బిడ్డ పేరు దాకా వెళుతుంది.

ఇక మీ ప్రశ్నలు వింటాను.